మచ్చు చూచి రాశి నెరిగిన మహలనోబిస్

హైదరాబాదునుండి విజయవాడకు పోవు మార్గమున దిల్‌సుఖ్‌నగరును, ఎల్.బి. నగరును, హయత్‌నగరును దాటి పోయినచో బాటసింగారము వచ్చును. కొత్తపేట వద్ద నుండిన గడ్డిఅన్నారము పండ్ల మార్కెటు ఇచ్చటికి తరలి వచ్చిన తరువాత ఈ గ్రామము పేరు పండ్ల తోటల రైతులకు సుపరిచితమైనది. వేసవిలో మామిడికాయల బండ్లు వచ్చి నిలిచినపుడు అనుభవము గల వ్యాపారి చేయు పనిని విద్యార్థులు గమనింపవలెను. అతడు బండిలోని కాయల నన్నింటిని చూడడు. పైనుండి కొన్ని, నడుమనుండి కొన్ని, అడుగునుండి కొన్ని తీసి, ఒకటి రెండు కోసి చూచి, దానినిబట్టి ధర కట్టును. దీనినే మచ్చు చూచుట యందురు. పైవరుసను మాత్రమే చూచి ధర కట్టువాడు మోసపోవును. అమ్మువాడు మేలైన కాయలను పైననే పేర్చును గదా!

కొంచెము చూచి మొత్తము నెరుగుట లోకములో అనాదిగా నున్నదే. అయితే ఆ కొంచెము మన చేతికి ఎట్లు వచ్చినది, అది మొత్తమునకు నిజమైన ప్రతినిధి యగునా, కాదా, మన అంచనాలో ఎంత తప్పు ఉండవచ్చును అను ప్రశ్నలు వేసికొనినప్పుడే అది శాస్త్ర మగును. మన దేశమున ఆ ప్రశ్నలను జీవితాంతము వేసిన మహనీయులు ప్రశాంతచంద్ర మహలనోబిస్. వారు మానవుల ఎత్తులను, నదుల వరదలను, జనుపచేలను, పేదల తిండిని లెక్కించిరి. కోట్ల సంవత్సరముల క్రిందట నశించిన రాక్షసిబల్లులను వారు లెక్కింపలేదు. కాని గోదావరీ లోయలో ఆ జంతువుల ఎముకలను వెలికి తీసినది వారు నెలకొల్పిన సంస్థయే. ఆ జంతువులలో ఎన్ని రకము లుండెనో నేడు అంచనా కట్టువారికి ఆధారమైన ఆలోచనయు వారు చిరకాలము బోధించినదియే. కావున ఆ దృష్టితో వారి జీవితమును పరిశీలింపవచ్చును.

ప్రశాంతచంద్రులు 1893 జూన్ 29వ తేదీన కలకత్తాలో బ్రహ్మసమాజ కుటుంబమున జన్మించిరి. ప్రెసిడెన్సీ కళాశాలలో భౌతికశాస్త్రమును అభ్యసించి 1912లో పట్టభద్రులైరి. జగదీశచంద్ర బోసు, ప్రఫుల్లచంద్ర రాయి వంటి మహామహులు అచ్చట వారి గురువులు. 1913లో ఇంగ్లండునకు పోయి లండనులో చదువవలెనని తలచిరి. ఒకనాడు కేంబ్రిడ్జి చూడబోయి, తిరుగు రైలు తప్పిపోగా ఆ రాత్రి అచ్చటనే మిత్రుని యింట నిలిచిరి. కింగ్స్ కళాశాల ప్రార్థనామందిర సౌందర్యము వారి మనస్సును హరించినది. అంతట లండను మాట విడిచి ఆ కళాశాలలోనే చేరిరి.

కేంబ్రిడ్జిలో వారికి శ్రీనివాస రామానుజన్‌తో స్నేహము కుదిరినది. ఆ గణితమేధావి చలికి తాళలేక, నిలువుకోటు తొడిగి, శాలువ కప్పుకొని పడుకొనుచుండెను. ప్రశాంతచంద్రులు కంబళ్లు చాలినన్ని లేవేమోయని అతని పడకను పరీక్షించిరి. కంబళ్లు పుష్కలముగా నున్నవి. కాని అవి పరుపు క్రింద బిగించి మడవబడి యుండగా, రామానుజన్ వాటి లోపల దూరవలెనని యెరుగక పైననే శయనించుచుండెను. వినుటకు చిన్న కథయే గాని, చెప్పినదానిని విని యూరకుండక స్వయముగా చూచి కారణము కనుగొను స్వభావము ఆ వయస్సుననే వారికి అలవడినదని దీనివలన తెలియుచున్నది.

1915లో వారు భౌతికశాస్త్ర పరీక్షలో ఉత్తీర్ణులై స్వదేశమునకు బయలుదేరిరి. యుద్ధకాల మగుటచే ఓడ ఆలస్యమైనది. ఆ విరామములో వారి అధ్యాపకులైన మెకాలే గ్రంథాలయములో వారికి బయోమెట్రికా అను పత్రిక సంపుటములను చూపించిరి. జీవుల కొలతలను గణితముతో పరిశీలించు పత్రిక అది. ప్రశాంతచంద్రులు ఆ సంపుటములను కొని, ఓడలోనే చదువ నారంభించిరి. భౌతికశాస్త్రజ్ఞుడుగా ఓడ నెక్కిన యువకుడు గణాంకశాస్త్రాభిమానియై కలకత్తాలో దిగెను. సెలవులకు వచ్చినవారు ప్రెసిడెన్సీ కళాశాలలో పాఠములు చెప్పుటకు కుదురుకొనిరి. మూడు దశాబ్దములకు పైగా అచ్చటనే యుండి, కడపట ఆ కళాశాలకు ప్రిన్సిపాలు కూడ అయిరి.

1920లో నాగపూరున జరిగిన సైన్సు కాంగ్రెసులో వారికి జంతుశాస్త్ర సర్వేక్షణ సంస్థ డైరెక్టరు నెల్సన్ అన్నండేలుతో పరిచయమైనది. కలకత్తాలోని ఆంగ్లో ఇండియనుల శరీరపు కొలతలను సేకరించి యుంచిన అన్నండేలు వాటిని పరిశీలింపుడని వారికి అప్పగించిరి. వారి తొలి గణాంక వ్యాసము 1922లో వెలువడినది. ఆ కృషియే క్రమముగా పెరిగి 1936లో ప్రకటితమైన మహలనోబిస్ దూరముగా పరిణమించినది. రెండు సముదాయములు ఒకదానికొకటి ఎంత దగ్గర, ఎంత దూరము అని తెలియుటకు ఒక్క కొలత చాలదు. పెక్కు కొలతలు తీసికొన్నచో, అవి తమలో తాము ముడివడి యుండును. పొడవైన వానికి చేతులును పొడవుగా నుండును గదా! ఎత్తును, చేతి పొడవును రెండు వేర్వేరు సాక్ష్యములుగా నెంచినచో ఒకే సాక్ష్యమును రెండుమారులు లెక్కించినట్లగును. ఈ పునరుక్తిని తొలగించి, నిజమైన దూరమును తేల్చుటయే ఆ సూత్రముయొక్క గుణము.

ఈ సూత్రముతో తెలుగువారికి ఒక చక్కని సంబంధము కలదు. ఆంధ్ర విశ్వకళాపరిషత్తులో గణితమున ఎం.ఏ. పట్టము పొందిన కల్యంపూడి రాధాకృష్ణారావు 1941లో మహలనోబిస్ సంస్థలో చేరిరి. సూడాను దేశములోని జెబెల్ మోయా యను చోట త్రవ్వకములలో లభించిన ప్రాచీన మానవుల అస్థిపంజరములను ఈ సూత్రము ననుసరించి పరిశీలించుటకు కేంబ్రిడ్జివారు మనుష్యులను కోరగా, 1946లో మహలనోబిస్ ఆ యువకుని పంపిరి. 2023లో నూట రెండేండ్లు నిండిన పిదప కీర్తిశేషులైన సి.ఆర్. రావు జగత్ప్రసిద్ధికి ఆ ఎముకల లెక్కయు ఒక మెట్టు. కాలగర్భమునుండి వచ్చిన శిథిలావశేషములనుండి ఒక జనసముదాయమును గుర్తింపవచ్చునని ఆ పని నిరూపించినది.

మహలనోబిస్ దృష్టి కొలతలతో ఆగలేదు. 1926లో ఒరిస్సాలో బ్రాహ్మణీ నదికి వరద రాగా, నదీగర్భము మెరక వేసినందువలన గట్లు పెంచవలెనని ఇంజనీర్లు తలచిరి. మహలనోబిస్ సుమారు అరువది సంవత్సరముల లెక్కలను పరిశీలించి, నదీగర్భము పెరుగలేదనియు, ఎగువ ప్రాంతమున కురిసిన అసాధారణ వర్షమే కారణమనియు తేల్చిరి. కన్నులకు కట్టిన ఒక వరదను చూచి తీర్పు చెప్పుట పైవరుస కాయను చూచి ధర కట్టుట వంటిది. అరువది ఏండ్ల రాశిని కదిపి చూచుట శాస్త్రము.

1931 డిసెంబరు 17న కలకత్తాలో భారత గణాంకశాస్త్ర సంస్థ ఆవిర్భవించినది. తొలుత దాని కార్యాలయము ప్రెసిడెన్సీ కళాశాలలోని వారి గదియే. 1933లో సాంఖ్య అను పత్రికను స్థాపించిరి. తరువాత వారు చేపట్టిన మహాకార్యము బెంగాలులోని జనుప పంట అంచనా. పంట ఎంత వచ్చునో తెలియనిచో ధర నిలువదు. ధర నిలువనిచో రైతు నిలువడు. ప్రతి పొలమునకును పోయి లెక్కించుట ఒక మార్గము. అందులకు వేలకొలది మనుష్యులు కావలెను. వారిలో శిక్షణ లేనివారు, శ్రద్ధ లేనివారు పెక్కురు. మహలనోబిస్ వేరొక మార్గము చెప్పిరి. చీట్లు తీసినట్లు, ఎవరి యిష్టానిష్టములకును తావు లేకుండ కొన్ని స్థలములను ఎన్నుకొని, వానిని మాత్రము శ్రద్ధగా కొలువవలెను. రోడ్డు ప్రక్క పొలమునకును, వాగు కావలి పొలమునకును ఎన్నిక యగు అవకాశము సమానముగా నుండవలెను. పైగా ఒకే ప్రాంతమును రెండు బృందములు ఒకదానితో నొకటి సంబంధము లేకుండ పరిశీలింపవలెను. రెండు ఫలితములును సన్నిహితముగా నున్నచో విశ్వసింపవచ్చును. లేనిచో లోపమును వెదకవలెను. ఇట్లు స్వల్పవ్యయముతో చేసిన అంచనా, పొలము పొలమును తిరిగి చేసిన లెక్కకంటె వాస్తవమునకు సన్నిహితముగా వచ్చినది. 1943 నాటి బెంగాలు కరువు తరువాత ఆ పద్ధతితోనే పల్లెలలోని కుటుంబముల దుస్థితిని వారి సంస్థ సర్వే చేసినది. లెక్కకు రాని గుడిసె సహాయమునకును రాదని వారు గ్రహించిరి.

ఇచ్చట మన ప్రధాన విషయమునకు వత్తము. మహలనోబిస్‌కు ఆప్తమిత్రుడైన ఆంగ్ల శాస్త్రజ్ఞుడు రొనాల్డ్ ఫిషర్ 1938 జనవరిలో కలకత్తాలో జరిగిన ప్రథమ భారత గణాంక మహాసభకు అధ్యక్షత వహించెను. అయిదేండ్ల తరువాత, 1943లో, అతడు కార్బెట్, విలియమ్స్ అను వారితో కలసి ఒక వింత సమస్యను విచారించెను. కార్బెట్ మలయాలో సీతాకోకచిలుకలను సేకరించెను. అందు 118 జాతులనుండి ఒక్కొక్క చిలుక మాత్రమే దొరికినది. 74 జాతులనుండి రెండేసి. 44 జాతులనుండి మూడేసి. మరి అసలు కంటబడని జాతు లెన్ని? ఒక్కసారి మాత్రమే కనబడిన జాతులు పెక్కున్నచో, ఒక్కసారియు కనబడనివి కూడ పెక్కుండవలెనని యుక్తి చెప్పుచున్నది. ప్రతి జాతియు పదేసి మారులు కనబడిన పిదప క్రొత్తవి మిగులుట అరుదు. 1984లో తైవాను శాస్త్రజ్ఞురాలు ఆన్ చావో దీనికి సులభమైన సూత్రము నిచ్చినది. ఒక్కమారు కనబడిన వాని సంఖ్యను దానితోనే గుణించి, రెండుమారులు కనబడిన వాని సంఖ్యకు రెట్టింపుతో భాగింపవలెను. 118ని 118తో గుణించిన 13,924. దానిని 148తో భాగించిన 94. అనగా కార్బెట్ వలలో పడని జాతులు కనీసము 94 ఉండవలెను. ఏడవ తరగతి విద్యార్థియు చేయగల లెక్క ఇది. కాని కనబడని దానినిగూర్చి కనబడినదానిచే సాక్ష్యము చెప్పించుచున్నది.

రాక్షసిబల్లులకు ఈ విధానము నన్వయింపవలెనన్న ముందుగా వాని ఎముకలు కావలెను. ఏ శాస్త్రమునకైనను గణాంకము తోడు కావలెనను విశ్వాసము గల మహలనోబిస్ తమ సంస్థలో భూగర్భశాస్త్రమునకు కూడ స్థానము కల్పింపగోరి, లండను విశ్వవిద్యాలయ కళాశాలనుండి పమేలా రాబిన్సన్ అను శిలాజశాస్త్రజ్ఞురాలిని ఆహ్వానించిరి. ఆమె 1957లో వచ్చి యువకులకు శిక్షణ యిచ్చినది. వారు ఎన్నుకొన్న క్షేత్రము ప్రాణహిత, గోదావరి నదుల లోయ. సింగరేణి బొగ్గును మనకిచ్చిన శిలాసముదాయమే అచ్చట పైపొరలలో శిలాజములను దాచియున్నది. 1958 మొదలు 1961 వరకు ఆ లోయలోని పోచంపల్లి గ్రామ సమీపమున సుమారు మూడు వందల ఎముకలు బయల్పడినవి. ఇది బాటసింగారమునకు సమీపమున నున్న చేనేతల పోచంపల్లి కాదని పాఠకులు గ్రహింపవలెను. ఆ ఎముకలు కనీసము ఆరు జంతువులవి; అందొక్క తొడ ఎముక నిలువెత్తు మనిషికి సమానము. 1961 రవీంద్రుని శతజయంతి వత్సర మగుటచే, వంగభాషలో పెద్ద కాలు అను అర్థము వచ్చునట్లు ఆ జంతువునకు బరాపాసారస్ టాగోరై యని నామకరణము చేసిరి. జైన్, కుట్టి, రాయ్‌చౌధురి, ఛటర్జీ అను శాస్త్రజ్ఞులు ఆ పేరును ప్రకటించినది 1975లో. అప్పటికి మూడేండ్ల పూర్వమే మహలనోబిస్ దివంగతులైరి.

ఆరు జంతువుల ఎముకలు దొరికినను వాని తలపుర్రె యొక్కటియు దొరకలేదు. కొన్ని దంతములు మాత్రము లభించినవి. తరువాత భూగర్భ సర్వేక్షణ సంస్థవారు యామనపల్లి వద్ద కనీసము పండ్రెండు జంతువులకు చెందిన 840 ఎముకలను వెలికితీసిరి. 1988లో యాదగిరి ఆ జంతువునకు కోటాసారస్ యామనపల్లియెన్సిస్ అని పేరిడిరి. హైదరాబాదులోని బిర్లా సైన్సు మ్యూజియములో నిలిచియున్న అస్థిపంజరము దానిదే. అందును తల దొరకలేదు. ఆ జాతి జంతువుల తల ఎముకలు పలుచనివి. దేహమునుండి త్వరగా విడివడి నశించును. ప్రకృతి మనకు చూపిన మచ్చు నిష్పాక్షికమైనది కాదనుటకు ఇంతకంటె నిదర్శన మేల?

జనుపచేలలో స్థలములను చీటి వేసి ఎన్నుకొన్నవారు మనుష్యులు. శిలాజముల విషయమున ఎన్నిక మన చేతిలో లేదు. పెద్ద ఎముక నిలుచును, చిన్న ఎముక చితికిపోవును. ఇసుకయు బురదయు వెంటనే కప్పినచో మిగులును, లేనిచో మట్టిలో కలిసిపోవును. మిగిలినదియు బయటికి రావలెను. వచ్చినను చూచు కన్ను ఆ దారిని పోవలెను. బాటసింగారము చుట్టును కనబడు గండ్రాళ్లు సుమారు 250 కోట్ల సంవత్సరముల నాటివి. భూగర్భమున కరిగిన ద్రవము చల్లారి గట్టిపడిన రాళ్లవి. రాక్షసిబల్లులు పుట్టినదే సుమారు 23 కోట్ల సంవత్సరముల క్రిందట. కావున ఈ రాళ్లలో ఎముక దొరకదు. దొరకనందున ఈ నేలపై ఆ జంతువులు తిరుగలేదని చెప్పవచ్చునా? చెప్పరాదు. సాక్షి లేడనుట వేరు, సంఘటన జరుగలేదనుట వేరు.

పేర్ల లెక్కయందును చిక్కులు కలవు. జబల్పూరులో 1828లో స్లీమన్ కనుగొన్న ఎముకలకు లైడెక్కర్ 1877లో టైటనోసారస్ అని పేరిడెను. నూరేండ్లకు పైగా వాడుకలో నున్న ఆ పేరు, ఇతర జంతువులనుండి వేరుపరచుటకు చాలినంత లక్షణము ఆ ఎముకలలో లేదని 2003లో పండితులచే త్రోసివేయబడినది. మరొకవైపు, సంస్థ బీరువాలలో దశాబ్దములుగా నున్న తెలంగాణపు ఎముకలనుండి క్రొత్త పేర్లు పుట్టుచున్నవి. ధర్మారము శిలలనుండి 2007లో రెండు జంతువులకు పేర్లు వచ్చినవి. ఒక పేరు రాబిన్సన్ స్మారకము, మరియొకటి శిలాజములు ఏరిన ధుయియా ప్రధాన్ అను సంస్థ ఉద్యోగి స్మారకము. 2011లో మరి రెండు. 2025లో మలేరీ శిలలనుండి మలేరిరాప్టర్ కుట్టీ. ఈ కడపటి ఎముకలు 1980ల నాడే సేకరింపబడినవి. కనబడియు గుర్తింపబడనిది కూడ లెక్కకు రానిదే గదా!

ఇట్టి లోపభూయిష్టమైన మచ్చునుండి మొత్తము నెరుగుటకు పూనుకొన్నవారిలో పీటర్ డాడ్సన్ ముఖ్యుడు. వాంగ్ అను గణాంకవేత్తతో కలసి 2006లో అతడు చేసిన లెక్క ప్రకారము నాటికి తెలిసిన రాక్షసిబల్లుల ప్రజాతులు 527. శిలలలో కనుగొనదగినవి మొత్తము 1,850. అనగా పాలు పదింట ఏడు ఇంకను మన కంటబడలేదు. 2016లో స్టార్‌ఫెల్ట్, లియో అను వారు వేరొక పద్ధతిని అనుసరించి, జీవించిన జాతులు 1,936 అని చెప్పిరి. ప్రజాతి యనగా జాతుల సముదాయము. కావున మొదటి లెక్కనుబట్టి జాతులు ఇంకను ఎక్కువ యుండవలెను. రెండు లెక్కలును పొసగకుండుటకు కారణము వారి ప్రాతిపదికలు వేరగుటయే. గమనింపదగిన దేమనగా, రెండవవారు 1,936 అను ఒక్క అంకెతో ఊరకుండక, నిజసంఖ్య 1,543కును 2,468కును నడుమ నుండవచ్చునని హద్దులు కూడ చెప్పిరి. ఒక్క అంకెను గట్టిగా పలుకుట సులభము. దానిలోని తప్పునకు హద్దు చెప్పుట కష్టము. మహలనోబిస్ సంప్రదాయమున ఆ రెండవదియే విద్వత్తునకు గుర్తు.

1945లో రాయల్ సొసైటీ వారిని సభ్యునిగా ఎన్నుకొన్నది. 1950లో దేశవ్యాప్తమైన జాతీయ నమూనా సర్వే వారి పూనికతో ప్రారంభమైనది. 1956లో అమలునకు వచ్చిన ద్వితీయ పంచవర్ష ప్రణాళికకు రూపకల్పన చేసిరి. భారీ పరిశ్రమలకు ప్రాధాన్య మిచ్చి వ్యవసాయమును తగినంతగా పట్టించుకొనలేదను విమర్శయు ఆ ప్రణాళికపై కలదు. తప్పునకు హద్దు చెప్పవలెనని బోధించినవారి జీవితచరిత్రలో ఈ మాట దాచుట న్యాయము కాదు. 1968లో పద్మవిభూషణ బిరుదము లభించినది. 1972 జూన్ 28న, డెబ్బదితొమ్మిదవ జన్మదినమునకు ఒక్కదినము ముందు, వారు పరమపదించిరి. 2007నుండి వారి జన్మదినమును దేశమంతటను గణాంకదినముగా జరుపుచున్నారు.

ఉపాధ్యాయులు ఆనాడు పిల్లలకు చెప్పదగిన పాఠమొకటి కలదు. మనకు తెలిసినది పిడికెడు, తెలియనిది కొండంత. ఆ పిడికెడు మన చేతికి ఏ దారిని వచ్చినదో విచారించినవానికి కొండయొక్క కొలత కొంతవరకైనను అందును. విచారింపనివానికి పిడికెడే లోకముగా తోచును. వాగు కావలి గుడిసెయైనను, తల దొరకని ఆ మహాజంతువైనను, మన లెక్కలో లేనంతమాత్రమున లేకపోలేదు. బాటసింగారపు మార్కెటులో అడుగువరుస కాయను తీసి చూచు వ్యాపారి ఈ పాఠము నెరిగినవాడే. ఆ జాగరూకతను శాస్త్రముగా తీర్చి జాతికి అప్పగించినవారు మహలనోబిస్.